శిక్ష స్కాలరుకేనా?

థీసిస్ కాపీ కొట్టడం దొంగతనమే. అందులో రెండో మాట లేదు. కానీ ఆ దొంగతనానికి యూజీసీ పెట్టిన తూకం చూడండి. 2018 నిబంధనల్లో 60 శాతం దాటి కాపీ తేలితే విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దు. అధ్యాపకుని పరిశోధనా వ్యాసంలో అంతే కాపీ దొరికితే? వ్యాసం వెనక్కి తీసుకోవాలె, రెండు ఇంక్రిమెంట్లు కోత, మూడేళ్లు కొత్త స్కాలర్లకు గైడుగా ఉండొద్దు. మళ్లీ పట్టుబడితేనే కొలువుకు ఎసరు! ఫెలోషిప్పు మీద బతికే పేదింటి పిల్లకు మాత్రం మొదటిసారికే తలుపులు మూత.

ఇంకో మాట. థీసిస్‌లో కాపీ లేదని సర్టిఫికెట్ ఇచ్చేది గైడే. చదవకుండానే సంతకం పెట్టే పెద్దలు ఏ క్యాంపస్‌లో లేరు? కాపీ బయటపడ్డనాడు విచారణ కమిటీ మొదట అడగాల్సింది ఆ సంతకం గురించే. విద్యార్థి సంఘాలు, అధ్యాపక సంఘాలు రెండూ కలిసి వీసీలను నిలదీయాలె.