మిరపకి అడిగే ప్రశ్నలు మన ఒంటికి ఎందుకు అడగం?

కొందరికి కోపం వస్తుందని తెలిసే రాస్తున్నా.

మిరపలో నల్ల తామర పురుగు కనపడితే షాపాయన్ని ఊపిరి తీసుకోనివ్వం. ఇదేం మందు, ట్యాంకుకి ఎంత, వేరేదాంతో కలిపి కొట్టొచ్చా అని అడుగుతాం. డబ్బా మీద త్రికోణం ఎర్రదా, పసుపుదా అని తిప్పి చూస్తాం. అదే పదేళ్ళుగా బీపీకి మింగుతున్న బిళ్ళ పేరు అడిగితే "తెల్ల బిళ్ళ, పొద్దున ఒకటి" అంటాం. ఇదేం లెక్కండీ?

"అదంతా డాక్టరు గారికి తెలుసులే" అంటారు. ఆయన మనల్ని చూసేది నెలకి ఐదు నిమిషాలు. మిగతా నెలంతా ఊరగాయ వేసుకునేది, బిళ్ళ మానేసేది మనమే.

అసలు మన ఊళ్ళో పెద్ద జబ్బు ఇంకోటుంది. "నార్మల్ వచ్చింది, బిళ్ళ ఆపేశా." అయ్యా, కంచె ఉంది కాబట్టి చేలోకి పందులు రావట్లేదు. రావట్లేదు కదా అని కంచె పీకేస్తామా? బీపీ 140/90 దాటినా తలనొప్పి కూడా రాకపోవచ్చు. ఒకేసారి పక్షవాతంగా బయటపడొచ్చు. ఇక షుగరు పరీక్ష ముందు రెండు రోజులు అన్నం మానేసే తెలివిగలవాళ్ళున్నారు. హెచ్‌బీఏ1సీ అని ఒక పరీక్ష ఉంది, మూడు నెలల సగటు చెప్పేస్తుంది. దాని దగ్గర ఈ వేషాలు సాగవు. అయినా మోసం చేసేది ఎవర్ని?

నడుం నొప్పికి మందులషాపులో కొనే డైక్లోఫెనాక్ సంగతి డాక్టరుకి చెప్పం. అది బీపీని పెంచగలదు, అదేపనిగా వాడితే కిడ్నీలనూ దెబ్బతీయగలదు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం.

తప్పంతా మనదే అనను. అడిగితే "డాక్టరువి నువ్వా, నేనా?" అని కసిరే పెద్దమనుషులూ ఉన్నారు. ఓపీ లైను పెద్దదే, ఒప్పుకుంటా. కానీ రోగికి అర్థం కాని చీటీ రాసిచ్చి, సరిగ్గా వాడలేదని మళ్ళీ రోగినే తిడితే ఎట్లా?

ఈసారి 104 బండి వచ్చినా, ఆసుపత్రికి వెళ్ళినా, ఇంట్లో ఉన్న చీటీలు, బిళ్ళల అట్టలు, నొప్పి బిళ్ళలతో సహా సంచిలో వేసుకుని వెళ్ళండి. ఏది దేనికో, ఒక పూట మర్చిపోతే ఏం చేయాలో, మీ బీపీ, షుగరు ఎంతలో ఉండాలో అడగండి. గుర్తుండదనుకుంటే ఏఎన్‌ఎం అమ్మాయి చేత అట్ట మీదే తెలుగులో రాయించుకోండి. కసిరితే కసరనీయండి, జవాబు వచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.