పడవ మళ్ళీ నీట దిగేముందు

మన రాజపాళయం పడమటి కనుమల పాదాన ఉంది, సముద్రం కనపడదు. అయినా మన పిల్లలకు చెప్పదగిన పడవ ముచ్చట ఒకటుంది.

కాకినాడ దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789, 1839 తుపానులు దాన్ని దెబ్బతీశాయి. పక్కనున్న తాళ్ళరేవులో మాత్రం కొయ్యపడవల పని నిలిచింది.

తెరచాప పడవ చాలాకాలం ఒడ్డున ఉంటే చెక్క ఎండి సందులు విడతాయి. పాత పీచు గోకి తీయాలి. తట్టి చూసి, మెత్తబడిన పలకనూ తుప్పుపట్టిన మేకులనూ మార్చాలి. సందుల్లో దూదిపేట దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలం పూయాలి. మన ఊళ్ళో దూదికేం కొదవ! మరీ బిగించినా ముప్పే. ఉబ్బిన పలకలు మేకులను పెరుకుతాయి.

నీట దించాక మొదట్లో కొంత నీరు ఊరుతుంది. చెక్క నీరు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. అంతవరకు రేవులోనే కట్టి, నీరు తోడుతూ కనిపెట్టాలి. తొందరపడి జనాన్ని ఎక్కించి లోతుకు పోతే ప్రాణాలమీదికి వస్తుంది.

మన ఇళ్ళలో తెలుగూ అంతే. వాడక ఒడ్డున పెడితే ఎండిపోతుంది. ఈ సెలవుల్లో పిల్లలను అవ్వాతాతలతో తెలుగులో మాట్లాడనివ్వండి. మొదట తప్పులు దొర్లుతాయి. నవ్వకండి, కొంచెం ఓపిక పట్టండి.