టవర్ వచ్చేదాకా చదువు ఆపమంటారా?



"సిగ్నల్ లేదు, అందుకే క్లాసులు వినలేదు" అనే మాట మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల్లో, చెంచు గూడేల్లో ఇంకెన్నాళ్లు వినాలి? అడిగితే ఒకటే జవాబు: టవర్ వస్తుంది, ఆగండి. దేశంలో 24,680 గ్రామాలకు 4జీ ఇస్తామని కేంద్రం 2022 జూలైలో 26,316 కోట్లు మంజూరు చేసింది. అందులో మన వాటా అడుగుతూనే ఉంటాం, వదిలేది లేదు. కానీ డీఎస్సీ, గ్రూప్స్ పరీక్షలు మన టవర్ కోసం ఆగవు కదా!

మేం అనేది ఒక్కటే. టవర్ లేకపోయినా పక్కపక్కనున్న ఫోన్లు పాఠాన్ని పంచుకోగలవు. షేరిట్, జెండర్ వాడనోళ్లు మనలో ఎవరున్నారు? 2020 జూన్ 29న నిషేధించిన 59 యాప్‌లలో ఆ రెండూ పోయాయి. యాప్‌లు పోయాయి గానీ పద్ధతి పోలేదు. వైఫై డైరెక్ట్ 2011 నుంచే ఆండ్రాయిడ్‌లో ఉంది. ఇప్పుడు క్విక్ షేర్ ఉంది. అందులో పంపితే ఒక్క ఎంబీ నెట్ కూడా ఖర్చు కాదు.

లెక్క చూడండి. గంట క్లాసు 200 ఎంబీ అనుకుందాం. 20 మంది ఎవరికి వాళ్లు చూస్తే 4 జీబీ. సిగ్నల్ ఉన్నచోట ఒక్కరు డౌన్‌లోడ్ చేసుకొచ్చి పంచితే 200 ఎంబీతో సరి.

"అదంతా సినిమాలకే పనికొచ్చుద్ది, మధ్యలో తెగిపోద్ది" అనేవాళ్లున్నారు. తెగే మాట నిజమే. వైఫై డైరెక్ట్‌లో అందరినీ కలిపి ఉంచే ఫోన్ ఒకటి ఉంటుంది. ఆ ఫోన్ ఉన్న పిల్లోడు మేకల వెంట లేచిపోతే గుంపంతా చెదురుద్ది. ఫోన్లు గొలుసులా పెరిగేకొద్దీ వేగం కూడా తగ్గుద్ది, అందుకునేదీ అందించేదీ ఒకటే రేడియో కాబట్టి. అయితే దీనికి మందు లేకపోలేదు. 2001లో వచ్చిన బిట్‌టొరెంట్ పద్ధతి ఫైలును చిన్న ముక్కలు చేస్తుంది, ఏ ముక్క ఎవరి దగ్గరుంటే వాళ్ల నుంచి తెస్తుంది, ప్రతి ముక్కనూ సరిచూస్తుంది. ఒకరు వెళ్లిపోయినా మిగతావాళ్ల దగ్గర పాఠం బతికే ఉంటుంది. కొన్ని నిమిషాల వీడియో ముందే నింపుకుంటే, గుంపు మళ్లీ కలిసేలోపు చూసేవాళ్లకు ఆగదు.

ఈ దారి ఆదివాసీలు ఇప్పటికే నడిచిందే. ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌదరి మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ద్వారా గోండి పాటలు, ఊరి సమస్యలు బ్లూటూత్‌తో ఫోన్ నుంచి ఫోన్‌కు వెళ్లాయి. దాని పేరే బుల్టూ రేడియో. గోండికి సాధ్యమైంది మన గోర్ బోలీకి ఎందుకు కాదు?

మరి అడ్డం ఎవరు? ప్రజల సొమ్ముతో చేసిన పాఠాన్ని కూడా నెట్ ఉంటేనే తెరుచుకునేట్టు పెట్టేవాళ్లు. "ఆన్‌లైన్‌లో పెట్టాం, ఇక అందరికీ అందినట్టే" అని చేతులు దులుపుకునేవాళ్లు. 2017లో వచ్చిన దీక్ష యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన పాఠాన్ని నెట్ లేకుండానే ఇంకో ఫోన్‌కు పంపొచ్చు. ఆ సంగతి మన హాస్టళ్లలో ఎంతమందికి చెప్పారు? ఉన్న సౌకర్యం చెప్పకపోవడం కూడా అన్యాయమే.

అందుకే అడుగుదాం. ప్రభుత్వం చేయించే ప్రతి పాఠం డౌన్‌లోడ్ చేసుకుని పంచుకునేట్టు ఉండాలి. ముక్కలుగా పంచుకునే పద్ధతి ఆ యాప్‌లలోనే ఉండాలి. ప్రతి గిరిజన హాస్టల్లో పాఠాలన్నీ నింపిన కంప్యూటర్ ఒకటి పెట్టాలి.

మన పని కూడా ఉంది. నరసరావుపేట, గురజాలలో చదివేవాళ్లు ఇంటికొచ్చేటప్పుడు ఉచిత పాఠాలు ఫోన్లో నింపుకు రండి. డబ్బు కట్టి తీసుకునే కోర్సుల దొంగ కాపీలు మాత్రం వద్దు, ఆ వంకతో మన నోరు మూయిస్తారు. తండాకు ఇద్దరు చాలు, ఒకరు లేకపోతే ఇంకొకరు. ఆడపిల్లలకు కూడా అందేట్టు చూడండి, ఇంట్లో ఫోన్ చివరగా వచ్చేది వాళ్ల చేతికే.

టవర్ మన హక్కు, దాని కోసం కొట్లాడుదాం. ఈలోపు మన పాఠం మనమే మోసుకుందాం. మీ తండా, మీ గూడెం నుంచి ఎవరు ముందుకొస్తారో కింద రాయండి.

జై సేవాలాల్! గిరిజన విద్యార్థుల ఐక్యత వర్ధిల్లాలి!