అమ్మా, ఆ గొడుగు కోయకు!

బే ఏరియాలోని తెలుగు ఇళ్లకు, ముఖ్యంగా ఊరి నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న అమ్మానాన్నలకు విన్నపం



ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్ రమోన్, మీరు ఎక్కడ ఉంటున్నా సరే, ఇంటి చుట్టుపక్కల ఓక్ చెట్టు ఉందేమో చూడండి. అంచులకు చిన్న చిన్న ముళ్లున్న ఆకులతో ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు అది. వానలు పడ్డాక దాని కింద లేచే లేత పసుపుపచ్చ గొడుగు ఒకటి ఉంది. చూడముచ్చటగా ఉంటుంది. తిన్నవాళ్లు చెప్పినదాన్నిబట్టి రుచిగానూ ఉంటుంది. తిన్న కొద్ది రోజుల్లో కాలేయాన్ని కుళ్లబొడుస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని డెత్ క్యాప్ అంటారు, శాస్త్రజ్ఞులు అమనీటా ఫల్లాయిడిస్ అంటారు. ప్రపంచంలో పుట్టగొడుగులు తిని చనిపోయేవారిలో నూటికి తొంభై మందికి పైగా దీనివల్లే పోతున్నారు.

2025 డిసెంబర్ మొదటి వారంలో కాలిఫోర్నియా ప్రజారోగ్య శాఖ ఒక హెచ్చరిక విడుదల చేసింది. అప్పటికే 21 మందికి ఈ విషం ఎక్కింది, ఒకరు చనిపోయారు. అడవి పుట్టగొడుగులు అసలు కోయనే వద్దని ఆ శాఖ స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఇంగ్లీషులో వచ్చింది, టీవీలో వచ్చింది, ఫోన్లలో వచ్చింది. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండి, సాయంత్రం పార్కులో నాలుగడుగులు వేసే మన పెద్దవాళ్ల చెవికి మాత్రం చేరలేదు. అందుకే ఈ కాగితం.

రెండేళ్ల కిందట మా అమ్మ వచ్చింది. మాది మెట్ట ఊరు. తొలకరి రోజుల్లో రాత్రి ఉరుములు ఉరిమితే చాలు, తెల్లారకముందే పుట్టల దగ్గరికి వెళ్లి కొంగు నిండా పుట్టగొడుగులు తెచ్చేది. అవి ఉన్న రోజు మా ఇంట్లో మాంసం ఊసు ఉండేది కాదు. ఇక్కడ ఆ జనవరి సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి, చిల్లుల గిన్నెలో పసుపు నీళ్లతో కడిగిన గొడుగులు తొమ్మిదో పదో ఉన్నాయి. పక్కన ఉల్లిపాయలు, పచ్చిమిర్చి తరిగి ఉన్నాయి. "ఇక్కడివాళ్లకు వీటి సంగతి తెలియదు కాబోలురా, అన్నీ చెట్టు కిందే వదిలేశారు" అంది అమ్మ. పొయ్యి ఇంకా వెలిగించలేదు.

ఒకదాన్ని కాగితంలో చుట్టి, పుట్టగొడుగులు తెలిసిన ఒక అమెరికన్ పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ దాన్ని తిరగేసి మొదలు చూసింది, నా ముఖం చూసింది, "ఎవరైనా తిన్నారా?" అని అడిగింది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. అమ్మ మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తన చేతి వంటను అనుమానించానని ఆమె బాధ.

అమ్మకు తెలియదని నేను ఈ రోజుకీ అనను. అమ్మకు పుట్టగొడుగు తెలుసు. ఆ పేరులోనే పుట్ట ఉంది, గమనించండి. మన ఊళ్లలో పుట్టల మీద లేచేది టెర్మిటోమైసిస్ అనే జాతి. పుట్ట లోపల చెదపురుగులు దాన్ని పైరులా సాగు చేసుకుని తింటాయి. అందుకే దాని కాడ వేరులా సాగి పుట్ట లోతులకు దిగి ఉంటుంది. అలా సాగు చేసే చెదలు ఆసియాలో, ఆఫ్రికాలో ఉన్నాయి, అమెరికా ఖండాల్లో లేవు. అంటే అమ్మ చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆ గొడుగు ఈ నేల మీద లేవదు. ఆమె తెలివి నిజమైనదే, కానీ అది ఆ మట్టిని నమ్ముకున్న తెలివి. ఈ సంగతి మీ పెద్దవాళ్లకు ఇలాగే చెప్పండి. "నీకేం తెలుసు" అని కసురుకుంటే వినరు, వినాల్సిన అవసరమూ వాళ్లకు లేదు.

మన వరిగడ్డి పుట్టగొడుగుతో ఈ డెత్ క్యాప్ ఇంకా దగ్గరగా కలుస్తుంది. రెండూ మొదట గుడ్డులా పుడతాయి, రెండింటికీ కాడ అడుగున చిన్న సంచి ఉంటుంది. వరిగడ్డి గొడుగు పెరిగితే కింది రెక్కలు గులాబి రంగుకు తిరుగుతాయి, దీనివి తెల్లగానే ఉంటాయి. దీని కాడకు పైభాగంలో పల్చని పావడాలాంటి పొర వేలాడుతుంది, అడుగునున్న సంచి మట్టిలో దాగి ఉంటుంది. కాడ దగ్గర కత్తితో కోసుకుంటే ఆ సంచి నేలలోనే ఉండిపోతుంది, అసలు గుర్తు చేతికే రాదు. ఈ గుర్తులు నేర్చుకుని కోయడం మొదలు పెట్టమని చెప్పడం లేదు. లేతగా ఉన్నప్పుడు అనుభవమున్నవాళ్లే తప్పులో కాలేస్తారని చెబుతున్నాను.

ఈ గొడుగు కూడా పుట్టుకతో ఇక్కడిది కాదు. యూరప్ నుంచి, బహుశా తెచ్చి నాటిన చెట్ల వేళ్లతో వచ్చింది. కాలిఫోర్నియాలో దీన్ని మొదట కచ్చితంగా గుర్తించింది 1938లో, మాంటెరేలోని డెల్ మాంటే హోటల్ తోటలో. అక్కడి నుంచి ఈ నేలకు సొంతమైన ఓక్ చెట్ల వేళ్లతో పొత్తు కుదుర్చుకుని, కొండలకూ పార్కులకూ ఇళ్ల పెరళ్లకూ పాకింది. ఇది బయటి నుంచి వచ్చి వ్యాపించిన జాతేనని ఆన్ ప్రింగిల్, ఆమె తోటి శాస్త్రజ్ఞులు 2009లో తేల్చి చూపారు. ఈస్ట్ బే పార్కుల శాఖవారు చలికాలం వచ్చిందంటే ఏటా హెచ్చరిస్తూనే ఉంటారు.

ఇక విషం సంగతి. దాని పేరు ఆల్ఫా అమానిటిన్. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చావదు. పసుపు, చింతపండు, వెల్లుల్లి దాని ముందు పనిచేయవు. వెండి చెంచా నల్లబడుతుందని, పురుగు తిన్నది మనకూ మంచిదని అనుకోవడం ఉత్త భ్రమ.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక రాయసగాడు ఉంటాడనుకోండి. జన్యువులనే పెద్ద పుస్తకంలోంచి ఆ పూటకు కావలసిన పేజీకి నకలు తీసి పనివాళ్లకు అందించడం అతని పని. ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2 అని పేరు. నిమిషానికి వేల అక్షరాలు నకలు తీసే ఆ చేతిని అమానిటిన్ పట్టుకుంటే, నిమిషానికి ఏవో కొద్ది అక్షరాలే కదులుతాయి. ఆ పట్టు ఎలా ఉంటుందో ఈ ఊళ్ల మధ్యనే ఉన్న స్టాన్‌ఫర్డ్‌లో రోజర్ కార్న్‌బర్గ్ బృందం 2002లో అణువణువునా చూపింది. ఆ రాయసగాడి రూపం గీసి చూపిన పనికే ఆయనకు 2006లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. నకళ్లు ఆగితే కొత్త ప్రోటీన్లు ఆగుతాయి, కణం చనిపోతుంది. కాలేయం ఈ విషాన్ని పైత్యరసంతో పేగులోకి తోస్తే, పేగు దాన్ని మళ్లీ పీల్చి కాలేయానికే పంపుతుంది. తిన్నది ఒక్కసారే అయినా దెబ్బ మాత్రం పదే పదే తగులుతుంది.

ఇదంతా లోపల జరుగుతుండగా పైకి ఏమీ కనిపించదు. దయచేసి ఈ ముక్క రెండుసార్లు చదవండి, చదవలేని పెద్దవాళ్లకు చదివి వినిపించండి. తిన్న తర్వాత కనీసం 6 గంటలు, ఒక్కోసారి 24 గంటల దాకా మనిషి మామూలుగా ఉంటాడు. తర్వాత వాంతులు, నీళ్ల విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. నిన్నటి పుట్టగొడుగుల కూర అప్పటికి ఎవరికీ గుర్తుండదు, పొద్దున తిన్న పెరుగన్నం మీదకు నెపం పోతుంది. ఒకటి రెండు రోజులకు వాంతులు ఆగుతాయి. మనిషి లేచి కూర్చుంటాడు, కాఫీ అడుగుతాడు. ఇల్లంతా హమ్మయ్య అనుకుంటుంది. కాలేయం చచ్చిపోతున్నది సరిగ్గా ఆ గంటల్లోనే. కళ్లు పచ్చబడి, మాట తడబడేనాటికి కొత్త కాలేయం తప్ప వేరే దారి లేని స్థితి రావచ్చు.

2016 డిసెంబర్‌లో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మందికి ఇలా జరిగింది. ముగ్గురికి కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. ఆ 14 మందిలో ఒక కుటుంబం తమంతట తాము కోసుకున్నది కూడా కాదు, ఎవరో కొండల్లో కోసి ఇస్తే కాల్చుకుని తిన్నారు. వాళ్లతో పాటు తిన్న 18 నెలల పాప బతికింది గానీ మెదడుకు తగిలిన దెబ్బ మిగిలిపోయింది. ఇరుగుపొరుగు ప్రేమగా తెచ్చి ఇచ్చినా సరే, అడవి గొడుగు వంటింట్లోకి రానివ్వకండి. 2007 జనవరిలో శాంటా క్రూజ్ దగ్గర ఒకే ఇంట్లో ఆరుగురు తిన్నారు. ఆ ఇంటి నాయనమ్మ దక్కలేదు. వాళ్ల కోసం అక్కడి డొమినికన్ ఆసుపత్రి డాక్టర్లు యూరప్ నుంచి సిలిబినిన్ అనే మందు తెప్పించి సెలైన్ ద్వారా ఎక్కించారు. మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల్లోంచి తీసిన మందు అది. 2023లో చైనా పరిశోధకులు, వైద్యంలో ఇప్పటికే వాడుతున్న ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు ఎలుకల్లో ఈ విషాన్ని అడ్డుకుంటోందని కనుగొన్నారు. ఆశ పుట్టించే మాటే, కానీ ఎలుకల దాకే. ఈ రోజుకు మనిషికి పనికొచ్చే విరుగుడు, ఎంత త్వరగా ఆసుపత్రికి చేరామన్నదే.

కాబట్టి, తిన్నారని తెలిసిన క్షణమే ఫోన్ చేయండి. వాంతి అయ్యాక చూద్దామని ఆగకండి.

నంబర్ 1-800-222-1222. ఇది విషాల సహాయ కేంద్రం. పగలూ రాత్రీ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు. ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గకండి, "తెలుగు" అన్న ఒక్క మాట అనండి, దుభాషిని కలుపుతారు. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 911.

ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. వేపాకు రసాలు, మజ్జిగ వైద్యాలు వద్దు. మిగిలిన గొడుగులు, కూర, చెత్తబుట్టలో తొక్కలు ఉంటే కాగితపు సంచిలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిన్నవాళ్లందరూ వెళ్లాలి, "నాకేం కాలేదు" అంటున్న మనిషి కూడా.

అమ్మానాన్నలకు ఒక మాట. విజిటర్ ఇన్సూరెన్స్ ఇవ్వదేమో, కొడుకు మీద వేల డాలర్ల బరువు పడుతుందేమో, అర్ధరాత్రి కోడల్ని లేపడం ఎందుకని మీరు నోరు మూసుకుని పడుకుంటారు. నాకు తెలుసు, మా అమ్మా అంతే. ఎమర్జెన్సీ గదికి వచ్చిన మనిషిని డబ్బు లేదని వెనక్కి పంపకూడదని ఈ దేశంలో 1986 నుంచి చట్టం ఉంది. బిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు. లేపండి.

పిల్లలకూ ఒక మాట. ఫోన్ యాప్‌తో ఫొటో తీసి నిర్ధారించుకుంటామంటే ఒప్పుకోకండి. ఆస్ట్రేలియాలో మూడు యాప్‌లను పరీక్షిస్తే, వాటిలో మెరుగైనది కూడా దాదాపు సగం సార్లే సరైన పేరు చెప్పింది. ఇంటి వెనక ఓక్ చెట్టు ఉంటే వారాంతంలో అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి, ఆ గొడుగును చూపించి చెప్పండి. ముట్టుకుంటే విషం ఎక్కదు, తింటేనే. పసిపిల్లలు, కుక్కలు తిరిగే పెరడైతే సంచితో సహా తవ్వి తీసి చెత్తలో పడేసి చేతులు కడుక్కోండి. ఆశ ఆగకపోతే చైనీస్, కొరియన్ దుకాణాల్లో సాగు చేసిన పుట్టగొడుగులు నాలుగైదు రకాలు దొరుకుతాయి. ఆ ఆదివారం అమ్మ చేత అవే వండించండి. నేను అదే చేశాను, నాలుగో రోజున మాట కలిసింది.

న్యూజెర్సీ, వర్జీనియా వైపు చుట్టాలుంటే వాళ్లకూ పంపండి. అక్కడి అడవుల్లో ఇదే విషమున్న తెల్లటి గొడుగు ఉంది. డాలస్ వైపు పచ్చిక బయళ్లలో లేచే పెద్ద గొడుగు వేరు, దాని రెక్కలు ముదిరితే ఆకుపచ్చ రంగుకు తిరుగుతాయి. అది తిన్న రెండు మూడు గంటల్లోనే వాంతులతో మనిషిని కూలదోస్తుంది. విషాల సహాయ కేంద్రం నంబర్ మాత్రం దేశమంతా ఒక్కటే.

గుడికి వెళ్లేటప్పుడు నాలుగు కాగితాలు వెంట తీసుకెళ్లండి. ఇండియన్ దుకాణంలో బిల్లు కట్టే చోట రెండు పెట్టమని అడగండి. సాయంత్రం పార్కు బల్లల దగ్గర కూర్చునే పెద్దలకు చేతికి ఇచ్చి, ఇచ్చి ఊరుకోకుండా పక్కన కూర్చుని చదివి చెప్పండి. అడుగున ఉన్న ముక్క చింపి, అమ్మానాన్నల కళ్లకు అందే ఎత్తులో ఫ్రిజ్ మీద అంటించండి. అంకెలు పెద్దవిగా వేయించాం, కళ్లజోడు లేకుండా కనిపించేలా:

1-800-222-1222