గాలి అందరిదీ, కనెక్షను మాత్రం వాళ్ళది

ఆఫీసులో సర్వరు ఒక్క నిమిషం ఆగితే చాలు, లాగ్‌లన్నీ తవ్వి అసలు కారణం తేలేదాకా నిద్రపోరు మనవాళ్ళు. అదే ఇంట్లో నెట్ పోతే మాత్రం చేసేవి రెండే పనులు. ఒకటి, రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యడం. రెండు, కనెక్షనిచ్చినవాణ్ణి తిట్టుకోవడం. ఈ రెండిటితో పని జరక్కపోతే మూడోది ఎలాగూ ఉంది లెండి, పక్కింటి వై-ఫై! వాళ్ళబ్బాయి ఎప్పుడో చెప్పిన పాస్‌వర్డు ఫోనులో భద్రంగానే ఉంటుంది కదా.

నా గొడవంతా ఈ మూడో పని గురించే. అయితే మన ఇంట్లోది సరిగ్గా ఉంటే పక్కింటి దాని జోలికి పోయే అవసరమే రాదు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

తప్పు లైనులో ఉందా, గాలిలో ఉందా? మొదట తేల్చుకోవలసింది ఇదే. ఒక విండోలో రౌటర్‌కి (చాలా ఇళ్ళలో 192.168.1.1), ఇంకో విండోలో బయటి అడ్రసు దేనికైనా పింగ్ పెట్టండి. రౌటర్ దాకా వెళ్ళే పింగే తడబడుతుంటే కనెక్షనిచ్చినవాణ్ణి తిట్టి లాభం లేదు, తప్పు మన గాలిలోనే ఉంది. అక్కడిదాకా బాగుండి బయటికి వెళ్ళేది ఆగిపోతుంటే మాత్రం నిక్షేపంగా ఫోన్ చేసి దులిపెయ్యండి.

గాలిలో తప్పుకి కారణాలు మామూలువే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్ళు 1, 6, 11 మూడే. ఖాళీగా ఉంది కదా అని 3లోనో 4లోనో పెడితే 1తోనూ 6తోనూ తగువే. ఒకే ఛానల్లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులేసుకుంటాయి; సగం సగం కలిసినవి ఒకదానికొకటి రొద మాత్రమే. పైగా మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పక్కనే, 2.45 దగ్గర పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే రద్దీ తగ్గుతుంది, కానీ కాంక్రీటు గోడలు దాటడం దానికి ఇంకా కష్టం. అందుకే రౌటర్ని ఇనప బీరువా వెనకా, అటక మీద స్టీలు గిన్నెల మధ్యా పెట్టకుండా ఇంటి మధ్యలో కాస్త ఎత్తుగా పెట్టండి. ఓ ఇరవై అడుగుల కేబులు కొంటే సరిపోయేదానికి కొత్త రౌటర్లు కొనేవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక అసలు విషయం. "వాళ్ళది అన్‌లిమిటెడ్ ప్లానే కదా, నేను కాస్త వాడుకుంటే వాళ్ళకేం తరుగుతుంది?" ఈ మాట మన ఇంజనీర్ల నోటే ఎక్కువగా వింటాను. మిగతావాళ్ళంటే తెలియక అంటారు, మనం అనకూడదు. ఎందుకంటే వై-ఫైలో పంచుకునేది డేటాని కాదు, సమయాన్ని. ఒక ఛానల్లో ఒకసారి ఒకరే మాట్లాడాలి. 1500 బైట్ల ప్యాకెట్ 300 మెగాబిట్ల వేగంతో వెళ్ళడానికి 40 మైక్రోసెకన్లు చాలు. రెండు గోడల అవతలనుంచి 6 మెగాబిట్లతో వేలాడుతున్న మీ లాప్‌టాప్ అదే ప్యాకెట్‌కి 2000 మైక్రోసెకన్లు తింటుంది. అంటే యాభై రెట్లు! పక్కింటి పెద్దాయన అమెరికాలో ఉన్న మనవరాలితో మాట్లాడుతుంటే బొమ్మ ఆగి ఆగి రావడానికి కారణం మీరే కావచ్చు. పాపం ఆయన కూడా కనెక్షనిచ్చినవాణ్ణే తిట్టుకుంటూ ఉంటాడు.

ఇంతకన్నా పెద్ద సంగతి పేరు. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకి కొద్ది నిమిషాల ముందు వచ్చిన ఈమెయిలు ఆచూకీ తీస్తే, అది నవీ ముంబైలో ఓ అమెరికన్ ఇంటి వై-ఫై దగ్గర తేలింది. దానికి సరైన రక్షణ లేదు, ఎవరో వాడుకున్నారు. పోలీసులు వెళ్ళింది మాత్రం ఆయన ఇంటికే. మీరు అలాంటివారు కాదని నాకు తెలుసు, కానీ మీరు వాడినంతసేపూ బయటికి కనిపించేది వాళ్ళ పేరే. మన ఐటీ చట్టం 43వ సెక్షను కూడా యజమాని అనుమతి గురించే అడుగుతుంది, పాస్‌వర్డు ఉందా లేదా అని కాదు.

బ్రూస్ ష్నయర్ అంతటి భద్రతా నిపుణుడు తన ఇంటి వై-ఫైని కావాలనే తెరిచి ఉంచుతానని 2008లో రాశాడు కదా అని మీరు అనొచ్చు. నిజమే, ఇంటికొచ్చినవాళ్ళకి వేడి వేడి టీ ఇచ్చినట్టే ఇదీ అన్నాడు. కానీ ఇస్తానన్నది ఇంటాయన. తీసుకునేవాళ్ళు ఆ మాట తమకి తామే చెప్పుకుంటే కుదరదు.

2020 లాక్‌డౌన్లో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తన కూతురి ఆన్‌లైన్ క్లాసుల కోసం నా దగ్గరికొచ్చి, "సారూ, నెట్ కొంచెం ఇస్తారా?" అని అడిగాడు. గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి వేరే పాస్‌వర్డు ఇచ్చాను. పది నిమిషాల పని. ఏమీ లేనివాడు అడిగి తీసుకుంటే, లక్షల జీతమున్న మనం అడక్కుండా వాడుకోవడం ఏం బాగుంటుంది చెప్పండి?

పాలు తోడెయ్యడానికి చెంచాడు పెరుగు కావాలన్నా గిన్నె పట్టుకెళ్ళి అడగడమే మనకి అలవాటు. అడిగితే ఎవరూ కాదనరు కూడా. ఓ ఆదివారం గంటసేపు మీ రౌటర్‌తో కుస్తీ పట్టండి. అప్పటికీ కుదరకపోతే పక్కింటి బెల్లు కొట్టండి. వాళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ పెట్టడం రాకపోతే, మీరే పెట్టివ్వండి.