అనిశ్చితి బరువు కూలీ నెత్తిన ఎందుకు?

మన బస్తీల గురించి ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "వీళ్ళకు కష్టపడే గుణం లేదు, వచ్చినదానితో సరిపెట్టుకుంటారు, మిగతాదంతా తఖ్దీర్ మీద వదిలేస్తారు" అని. బయటివారే కాదు, మన సభల్లో వేదికనెక్కే పెద్దలు సైతం ఈ మాట అంటున్నారు. ఇందులో నిజమెంతో ఒకసారి పరిశీలించాలి.

నిజామాబాద్, జగిత్యాల, కామారెడ్డి ప్రాంతాల్లో బీడీలు చుట్టి బతుకుతున్న మహిళల్లో ముస్లిం మహిళలు చాలామంది ఉన్నారు. వారికి నెల జీతం ఉండదు, వెయ్యి బీడీలకు ఇంత అని కూలీ. ఎంత చుడితే అంత రాబడి అన్నది ఈ పద్ధతి ఇచ్చే హామీ. ఆచరణలో మాత్రం ఆమె రాబడి ఆమె వేళ్ళ నైపుణ్యం మీదే ఆధారపడదు. ఇచ్చిన తునికాకు చిల్లులు పడి ఉంటే ఆ ఆకుతో వెయ్యి పూర్తికాదు, తక్కువైన ఆకును సొంత డబ్బుతో కొనుక్కోవాలి. కార్ఖానాలో లెక్క చూసే మనిషి కొన్నింటిని 'ఛాట్' అని పక్కన పడేస్తే ఆ శ్రమకు కూలీ దక్కదు. ఈ నెలలో ఎన్ని రోజులు పని ఇస్తారో కూడా ముందుగా తెలియదు.

అనిశ్చితి రెండు రకాలు. సంచిలో యాభై ఎర్ర బంతులు, యాభై నల్ల బంతులు ఉన్నాయని తెలిసి పందెం కాయడం ఒకటి. ఏ రంగువి ఎన్ని ఉన్నాయో తెలియని సంచి మీద పందెం కాయడం మరొకటి. మనుషులు సాధారణంగా మొదటి సంచినే ఎంచుకుంటారని డేనియల్ ఎల్స్‌బర్గ్ 1961లోనే వివరించాడు. తన చేయి ఈరోజు వేగంగా ఆడుతుందా లేదా అన్నది బీడీ కార్మికురాలికి తెలిసిన సంచి. ఎన్ని బీడీలు ఛాట్ కింద పోతాయన్నది తెలియని సంచి. మొదటిదాన్ని ఆమె ధైర్యంగా భరిస్తుంది. రెండవదాని ముందు ఒకామె "ఇంకో రెండు వందలు చుట్టి ఏం లాభం?" అని చేట పక్కన పెడుతుంది. కిరాణా కొట్టులో బాకీ ఉన్న మరొకామె, పోయేవి పోగా మిగలాలని అర్ధరాత్రి దాకా చుడుతుంది. మొదటామెను సోమరి అంటున్నాం, రెండవామె నడుము నొప్పిని అసలు చూడటం లేదు. ఇద్దరినీ అలా నడిపిస్తున్నది ఒకే కూలీ పద్ధతి.

పనిని బట్టి కూలీ ఇవ్వడమే తప్పని నేను అనను. 1990లలో అమెరికాలో కార్ల అద్దాలు అమర్చే సేఫ్‌లైట్ అనే కంపెనీ గంటల లెక్కన ఇచ్చే జీతాన్ని వదిలి, అమర్చిన అద్దాల లెక్కన చెల్లించడం మొదలుపెట్టింది. ఒక్కొక్క కార్మికుని సగటు ఉత్పత్తి దాదాపు 44 శాతం పెరిగిందని ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లజీర్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చాడు. మన యజమానులకు ఈ అంకె వినసొంపుగా ఉంటుంది. అయితే అదే పద్ధతిలో కార్మికునికి కనీస వేతన హామీ కూడా ఉండేది. పని మందగించిన వారంలోనూ అతని ఇంట్లో పొయ్యి వెలిగేది. కింద నేల ఉన్నదని తెలిసినవాడే పైకి ఎగరడానికి సాహసిస్తాడు. మనవారికి ఆ నేలను ఇవ్వకుండా ఎగరమంటున్నారు.

హైదరాబాదు వీధుల్లో భోజనం పొట్లాలు చేరవేసే యువకుల స్థితీ ఇదే. ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే అదనపు మొత్తం అంటారు, ఆ షరతులు ఎప్పుడు ఎందుకు మారుతాయో చెప్పరు. ఫోనులోని యాప్ ఇక్కడ ఛాట్ తీసే మనిషి స్థానంలో కూర్చుంది.

ముస్లింలలో నెల జీతం వచ్చే ఉద్యోగాలు తక్కువనీ, స్వయం ఉపాధి, మహిళల్లో ఇంటి దగ్గర చేసే పని ఎక్కువనీ సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. అంటే అనిశ్చితి అత్యధికంగా ఉన్నచోటనే మన కుటుంబాలు నిలబడి ఉన్నాయి. దాచుకున్న సొమ్ము లేని తండ్రి, కమీషన్ మీద ఎక్కువ రావచ్చునన్న పని వద్దని, తక్కువైనా నికరమైన జీతమున్న దుకాణంలో కొడుకును చేరుస్తాడు. అది పిరికితనం కాదు. ఒక్క నెల దెబ్బతింటే అద్దె కట్టలేని ఇంటి లెక్క అది.

తఖ్దీర్ పేరు చెప్పేవారు మరొక మాట కూడా గుర్తుంచుకోవాలి. ఒప్పందంలో ఒక పక్షాన్ని అంధకారంలో ఉంచే అనిశ్చితిని ఇస్లామీయ న్యాయశాస్త్రం 'గరర్' అంటుంది, దాన్ని నిషేధిస్తుంది. కూలీకి పెట్టుకునేటప్పుడు వేతనం ముందుగా తెలిసి ఉండాలంటుంది. యజమాని సృష్టించిన చీకటిని విధి ఖాతాలో వేయడం ధర్మం కాదు. మన సమాజంలోని ఠేకేదార్లకూ ఇది వర్తిస్తుంది.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ముడిసరుకు పంపిణీ, బీడీల తిరస్కరణ, వాటి కూలీపై వచ్చే వివాదాలను త్వరగా పరిష్కరించే అధికార వ్యవస్థకు చోటు కల్పించింది. 2020 నాటి కార్మిక స్మృతులు ఆ చట్టాన్ని తమలో కలుపుకున్నాయి. ఆ రక్షణ ఈ మార్పులో జారిపోకుండా చూడటం మన సంఘాల తక్షణ కర్తవ్యం. ఛాట్ తీసిన ప్రతి బీడీకి కారణం, సంఖ్య కార్మికురాలి పుస్తకంలో రాయాలని అడుగుదాం. ఇచ్చిన ఆకును ఆమె ఎదుటే తూచాలని అడుగుదాం. పని ఇవ్వని రోజులకు కనీస మొత్తం కావాలని అడుగుదాం. యాప్ షరతులు మార్చే ముందు గడువుతో తెలియజేయాలని అడుగుదాం.

ఆ పుస్తకంలో లెక్క స్పష్టంగా కనిపించిన రోజున మన స్త్రీలు ఎంత కష్టపడతారో చూసి, అప్పుడు మాట్లాడండి.