మీనం ఎదుట కన్య
మీనానికి ఏడో రాశి కన్య. పంచాంగం తిరగేసే ఎవరికైనా తెలిసిన ఈ సమసప్తకంతో క్రైస్తవ చిత్రాల గుట్టంతా విప్పేయొచ్చనేవాళ్లున్నారు: చేప క్రీస్తు, కన్య మరియ, ఐదు రొట్టెలు, రెండు చేపల కథలో చేపలు మీనానివి, రొట్టెలేమో కన్య చేతిలోని గోధుమ వెన్నువి, అంటే మన చిత్త నక్షత్రానివి. వసంత విషువత్తు దాదాపు క్రీస్తు కాలంలోనే మేషం నుంచి మీనంలోకి జారిందన్న లెక్క దీనికి దన్ను. మనోవిశ్లేషకుడు కార్ల్ యూంగ్ 1951లో తన ‘అయాన్’ పుస్తకం నిండా ఈ చేపల వెంటే నడిచాడు. ఇంత చక్కగా అతికిందంటేనే నాకు అనుమానం. క్రీ.శ. 200 ప్రాంతంలో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ విశ్వాసుల్ని చిన్న చేపలన్నది బాప్తిస్మపు నీళ్ల గురించి. నక్షత్రాల ఊసే లేదు. శిష్యుల్లో కొందరు గలిలయ జాలర్లు కదా, చేప కోసం ఆకాశం దాకా వెళ్లాలా? అలాగని చర్చికి రాశులంటే పడదనీ కాదు. ఫ్రాన్స్‌లో షార్త్ర్ కెథడ్రల్ పడమటి గుమ్మాల మీద 12వ శతాబ్దపు శిల్పులు వాటిని నెలవారీ పొలం పనులతో కలిపి చెక్కారు. ఎడమ ద్వారం మీద పది రాశులే ఉన్నాయి. మీనం కుడివైపు, సరిగ్గా మరియ బాలయేసును ఒడిలో పెట్టుకుని కూర్చున్న ద్వారానికి చేరింది. జ్యోతిష ప్రియులకు ఇంతకన్నా ఏం కావాలి! ఎడమవైపు చోటు చాలక జరిపారన్న వివరణ వాళ్లకు చప్పగా ఉంటుంది. సరే, మీనంతోపాటు అక్కడికే వెళ్లిన మిథునానికి ఏం అర్థం చెబుతారో?